‘వాన లేకుండానే మొలిచింది’ అనే ముందు చేనులో ఒక రెయిన్ గేజ్ పెట్టండి



మా చేనులో వైర్‌లెస్ వాతావరణ స్టేషన్ ఎలా బిగించామో, పైపు పాతడం దగ్గర నుంచి కన్సోల్‌లో లెక్కలు కనిపించేదాకా పై వీడియోలో ఉంది. వీడియో చూసి ఫోన్ చేసినవాళ్లలో సగం మంది ‘ఏ కంపెనీది, ఎంత పడింది’ అని అడిగారు. మిగతా సగం మంది అడిగింది వేరు. ‘ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు ఈ మిషన్లన్నీ ఎందుకన్నా, మన పెద్దోళ్లు కార్తెలు చూసుకుని సేద్యం చేయలేదా’ అని. నాకు రెండో ప్రశ్నే ముఖ్యం. దానికే ముందు జవాబు చెప్తా.

మనం వీడియోల్లో, మీటింగుల్లో చెప్పే మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ‘మే నెలలో నవధాన్యాలు చల్లాను, వాన చుక్క లేకుండానే మొలిచాయి.’ ‘పక్క చేను ఎండిపోయింది, నా చేను పచ్చగా నిలబడింది.’ ‘ఆచ్ఛాదన వేశాక రెండు తడులు మిగిలాయి.’ ఇవన్నీ నేనూ చెప్పే మాటలే. కానీ ఎదుటివాడు ‘ఏప్రిల్ 20 నుంచి మే ఆఖరు దాకా నీ చేనులో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది’ అని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలరు? ‘వాన ఎక్కడ సార్, రెండు తుంపర్లు పడ్డాయి అంతే’ అంటాం. ఆ రెండు తుంపర్లు 3 మిల్లీమీటర్లా, 15 మిల్లీమీటర్లా? ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు దాదాపు 4,047 లీటర్ల నీళ్లు. 3 మిల్లీమీటర్లయితే 12 వేల లీటర్లు. 15 అయితే 60 వేల లీటర్లు. గొలుసుకట్టు ట్యాంకర్లు తెచ్చి పోసినన్ని నీళ్లు రాత్రిపూట పడి, పొద్దున పదిగంటలకల్లా పైమట్టి ఎండిపోతే మనకు అది ‘తుంపర’.

పోయిన వేసవిలో మా చేనులో మూడు రాత్రుల్లో కలిపి 19 మిల్లీమీటర్లు పడింది. మా ఊళ్లో ఎవరినడిగినా ‘మే నెలలో వాన లేదు’ అనే చెప్తారు. నా విత్తనం మొలిచింది. మరి నేనేం చెప్పాలి? వాన లేకుండా మొలిచిందని చెప్పను. 19 మిల్లీమీటర్లకే మొలిచి, జూన్ వానల దాకా చావకుండా నిలబడిందని చెప్తాను. అది చిన్న సంగతా? ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే పడే అనంతపురం లాంటి జిల్లాలో అది చాలా పెద్ద సంగతి. ముందస్తు పొడి విత్తనానికి నేను వ్యతిరేకిని కాదు, ఏటా వేస్తున్నాను. గాలిలోని తేమ, రాత్రి మంచు విత్తనానికి ఎంత పనికొస్తున్నాయో తెలుసుకోవాలని నాకూ ఉంది. అందుకే అంటున్నా, వాన లెక్క పక్కన లేకపోతే ఆ మాట సగమే అవుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్త ఎవరైనా వచ్చి ‘మీ దగ్గర రికార్డు ఉందా’ అంటే మన పని మీద మనకే నమ్మకం లేనట్టు నిలబడాల్సి వస్తుంది. మనం చెప్పేది నిజమైనప్పుడు లెక్కకు భయమెందుకు? ఒకవేళ లెక్క మన మాటకు ఎదురు తిరిగితే అది కూడా ముందు మనకే తెలియాలి.

ఇక పెద్దోళ్ల సంగతి. పెద్దోళ్లు కొలవలేదని ఎవరు చెప్పారు? వాన వెలిసిన తెల్లారి పార తీసుకుని చేను మధ్యలో ఒక దెబ్బ వేసి, తడి ఎంత లోతు దిగిందో చూసేవాళ్లు. జానెడు పదును, మూరెడు పదును, దుక్కి పదును అనేవాళ్లు. అది కొలత కాక మరేంటి? నా లెక్కలో అది మిల్లీమీటర్ల కంటే గట్టి కొలత, ఎందుకంటే పైనుంచి ఎంత పడిందో కాదు, నేల ఎంత తాగిందో చెప్తుంది. ఈ రెండూ కలిపితేనే అసలు పని. 20 మిల్లీమీటర్ల వాన పడ్డ తెల్లారి ఆచ్ఛాదన ఉన్న మడిలో ఒక గుంత, ఖాళీగా ఉన్న గట్టు పక్కన ఒక గుంత తవ్వి స్కేలు పెట్టండి. మీ నేల మారిందో లేదో రెండు మూడు వానల్లోనే మీకే తెలిసిపోతుంది, ఏ ల్యాబుకూ పంపక్కర్లేదు. నేను 10 మిల్లీమీటర్లు దాటిన ప్రతి వానకూ ఇది చేస్తున్నా. పైన ఎంత పడిందో తెలియకుండా పదును లోతు ఒక్కటే చూస్తే మాత్రం ఈ వానకూ పోయిన వానకూ పోల్చుకోలేం.

‘మండలంలో ప్రభుత్వం స్టేషన్ ఉంది కదా, మళ్లీ మనకెందుకు’ అని కొందరు. నిజమే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నాయి, మండలాల వారీగా వాన లెక్క బయటికొస్తుంది. అవి పనికిమాలినవని నేను అనను. కానీ మన సీమలో సెప్టెంబరు సాయంత్రం వాన ఎలా పడుతుందో మీకు చెప్పాలా? ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడవదంటారు. ఒక రోజు మా చేనులో 38 మిల్లీమీటర్లు పడితే, పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టేషన్‌లో 3 వచ్చింది. ఇంకోసారి అక్కడ 40 దాటింది, మాకు దుమ్ము కూడా అణగలేదు. రెండు లెక్కలూ సరైనవే, కాకపోతే ఒకటి మాత్రమే మా చేనుది.

వాతావరణ ఆధారిత బీమా కట్టినవాళ్లకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఆ బీమాలో పరిహారం లెక్కగట్టేది మీ చేను చూసి కాదు, నోటిఫై చేసిన రిఫరెన్స్ స్టేషన్‌లో నమోదైన వాన, ఉష్ణోగ్రతలను చూసి. వేరుశనగ ఊడలు దిగే సమయంలో మీకు ఇరవై రోజులు చుక్క పడకపోయినా, అక్కడ రెండు మంచి వానలు పడి ఉంటే లెక్క ప్రకారం మీకు కరువు లేనట్టే. మన సొంత స్టేషన్ లెక్క తీసుకెళ్లి చూపిస్తే పరిహారం ఇస్తారా అంటే ఇవ్వరు, ఆ భ్రమ ఎవరికీ వద్దు. కానీ ‘మాకు పడలేదు సార్’ అని పదిమంది నోటితో చెప్పడానికీ, పదిమంది రెండేళ్ల రోజువారీ పుస్తకాలు బల్ల మీద పెట్టడానికీ తేడా ఉంటుంది. కేంద్రం 2023లో మొదలుపెట్టిన విండ్స్ కార్యక్రమం ఉద్దేశమే మండల స్థాయిలో స్టేషన్లు, పంచాయతీకొక రెయిన్ గేజ్ అని. పంచాయతీకొకటి అవసరమని వాళ్లే ఒప్పుకున్నారంటే మండలానికొకటి చాలదనే కదా.

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్న. ఏది కొనాలి?

ముందుగా ఒక మాట. స్టేషన్ కొనే ముందు కొన్ని వందల రూపాయల్లో దొరికే ప్లాస్టిక్ గొట్టం రెయిన్ గేజ్ ఒకటి కొని పాతండి. అది కూడా వద్దంటే గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న డబ్బా పెట్టి లోపల స్కేలు ముంచి కొలిచినా సరిపోతుంది. ఒక వానాకాలం మొత్తం రోజూ పొద్దున చూసి రాయగలిగితే, అప్పుడు స్టేషన్ గురించి ఆలోచించండి. రాయలేకపోయారంటే స్టేషన్ కొన్నా అది ఇంట్లో గోడ గడియారమే అవుతుంది. స్టేషన్ వచ్చాక కూడా గొట్టాన్ని పీకేయకండి, ఎందుకో కింద చెప్తా.

మరి గొట్టం ఉండగా స్టేషన్ ఏమిస్తుంది? నా వరకు మూడు. వాన ఎంత వేగంగా పడింది, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోంది, రాత్రంతా తేమ ఎంత ఉంది. ఈ మూడూ గొట్టం చెప్పదు. 40 మిల్లీమీటర్లు ఆరు గంటల్లో పడితే నేల తాగుతుంది. అదే 40 అరగంటలో పడితే కందకాలు నిండి గట్టు తెగుతుంది. కందకం ఎంత లోతు తియ్యాలి, నీటి కుంటకు నీళ్లు ఎటు మళ్లించాలి అనేది తేల్చేది ఈ వేగమే. గాలి, తేమ సంగతి తర్వాత చెప్తా.

పదిహేను వేల లోపు దొరికే సెట్లు ఉన్నాయి, లక్ష దాటేవీ ఉన్నాయి. డేవిస్ లాంటివి ఖరీదైనవి, ఎక్కువ కాలం నిలబడతాయని పేరు. ఎకోవిట్ లాంటివి తక్కువలో వస్తాయి, తర్వాత మెల్లగా నేల తేమ సెన్సర్, ఆకు తడి సెన్సర్ కలుపుకోవచ్చు. నేను ఏ కంపెనీ తరఫునా మాట్లాడటం లేదు. ‘స్మార్ట్ అగ్రికల్చర్’ అని బోర్డు రాసి, నెలనెలా చందా కట్టించుకుని, మన చేను లెక్కలు మనకే ఫోన్లో చూపించే వాటి జోలికి మాత్రం పోవద్దని నా సలహా. చందా కట్టడం ఆపేస్తే పాత లెక్కలు కూడా చేతిలో ఉండవు. కన్సోల్ తెర మీద కనిపించాలి, మెమరీ కార్డులోకో కంప్యూటర్లోకో దించుకునే వీలుండాలి. ఇంటర్నెట్ ఉంటే అదనపు సుఖం.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఇంకో తంటా ఉంది. ‘నాన్నా, సెలవులకు వచ్చేటప్పుడు ఒకటి తెస్తాను’ అంటారు. అక్కడ అమ్మేవి ఎక్కువగా 915 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఆ ఫ్రీక్వెన్సీని మన దేశంలో లైసెన్సు లేకుండా వాడటానికి అనుమతి లేదు, ఆ చుట్టుపక్కలే మొబైల్ కంపెనీల 900 బ్యాండ్ ఉంటుంది. మనకు తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు 433 నుంచి 434 మధ్య, అలాగే 865 నుంచి 868 మధ్య అనుమతి ఉంది. అందుకే 433 రకం అడిగి తీసుకోమని చెప్పండి. ఆ తర్వాత ఏ సెన్సర్ కొన్నా అదే ఫ్రీక్వెన్సీది ఉండాలి, లేకపోతే కన్సోల్‌కు దాని మాట వినపడదు. అక్కడి నుంచి వచ్చిన వాటిలో వాన అంగుళాల్లో, వేడి ఫారన్‌హీట్‌లో చూపిస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి మార్చుకోండి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు.

కొనడం గురించి ఇంతే. డబ్బు పెట్టేది కొనేటప్పుడే గానీ, లెక్క చెడేది పెట్టేచోటే. ఇది కాస్త నిదానంగా చదవండి.

ఎక్కువమంది చేసేది ఇంటి మిద్దె మీద పిట్టగోడకు బిగించడం. ఇంట్లో వైఫై ఉంటుంది, కోతులు తక్కువ, చూసుకోవడం సులువు. కానీ పగలంతా ఎండకు కాగిన సిమెంటు రాత్రి వేడిని వదులుతూ ఉంటుంది. మిద్దె మీద సెన్సర్ చూపించే వేడి మిద్దెదే గానీ చేనుది కాదు. పిట్టగోడ దగ్గర గాలి సుడి తిరిగి వాన చినుకుల్ని గరాటా మీదుగా ఎత్తుకుపోతుంది, కాబట్టి వాన కూడా తక్కువ చూపిస్తుంది. ఇంటి వాతావరణం తెలుసుకోవాలంటే ఆ స్టేషన్ చాలు. సేద్యానికి మాత్రం చేనులోనే ఉండాలి.

చేనులో ఎక్కడ? చుట్టూ ఉన్న చెట్టు, షెడ్డు, కరెంటు స్తంభం ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరం. ఇరవై అడుగుల వేపచెట్టు ఉంటే నలభై అడుగుల అవతల. మామిడి, చీనీ తోటల వాళ్లకు ఇది కష్టం, తోట మధ్యలో అంత ఖాళీ ఉండదు. వాళ్లు తోట అంచున, గాలి ఎక్కువగా వచ్చే వైపు పెట్టుకుంటే నయం. కింద సిమెంటు దిమ్మె పెద్దది వేయకండి, పైపు నిలబడేంత చాలు. చుట్టూ గడ్డో, ఆచ్ఛాదనో ఉండాలి. డ్రిప్పు, స్ప్రింక్లర్ల నీళ్లు మీద పడకుండా చూసుకోండి. స్ప్రింక్లర్ తిప్పి ‘నిన్న మా చేనులో 22 మిల్లీమీటర్లు’ అని గ్రూపులో పెట్టినవాళ్లు ఉన్నారు!

ఎత్తు విషయంలో అన్నీ కలిసిన సెట్లలో ఒక చిక్కుంది. వాతావరణ శాఖ పద్ధతిలో వేడి, తేమ మనిషి ఎత్తుకు కాస్త తక్కువలో కొలుస్తారు, వాన గేజ్ నేలకు దగ్గరగా ఉంటుంది, గాలి 10 మీటర్ల ఎత్తులో కొలుస్తారు. ఒకే గుంజకు మూడూ బిగించి ఉంటే అందరినీ మెప్పించలేం. నా అభిప్రాయం, పంటకు సంబంధించినంతవరకు 2 మీటర్లు చాలు. పైరు ఎంత నీరు తాగుతుందో లెక్కగట్టే ఎఫ్‌ఏఓ పద్ధతిలో కూడా గాలిని 2 మీటర్ల దగ్గరే తీసుకుంటారు. పైగా ఆ ఎత్తయితే నిచ్చెన లేకుండా గరాటా తుడుచుకోవచ్చు. అందనంత ఎత్తులో పెట్టిన గరాటాను ఎవరూ తుడవరు.

రెండంగుళాల జీఐ పైపు, రెండడుగులు భూమిలో. పైన మేస్త్రి దగ్గరుండే రసమట్టం పెట్టి సరి చూడండి. వాన సెన్సర్ లోపల తూగుడు బల్ల లాంటి రెండు చిన్న గిన్నెలుంటాయి. ఒకటి నిండగానే ఒరిగి ఖాళీ అవుతుంది, రెండోది కిందికి వస్తుంది. ఒక్కో ఒరుగుడు ఒక లెక్క. పైపు వంకర ఉంటే ఒక గిన్నె తొందరగా, ఇంకోటి ఆలస్యంగా ఒరుగుతుంది, ఏడాది పొడవునా లెక్క తప్పుతుంది. గాలి సెన్సర్ మీద ఉత్తరం గుర్తు ఉంటుంది. దాన్ని ఫోన్లో దిక్సూచి చూసి తిప్పేటప్పుడు ఇనుప పైపుకు నాలుగడుగులు ఎడంగా నిలబడండి, పైపు పక్కనే పెడితే దిక్సూచి తికమక పడుతుంది. మాకు రాత్రి ధ్రువ నక్షత్రం చూసి సరిచేయడమే సులువైంది.

సిగ్నల్ విషయంలో డబ్బా మీద రాసిన దూరం అడ్డేమీ లేని మైదానంలో లెక్క. కన్సోల్‌ను రేకుల షెడ్డులో, మోటారు స్టార్టర్ పెట్టె పక్కన పెడితే ఆ దూరంలో సగం కూడా రాదు. కిటికీ దగ్గర పెట్టండి. చేను దగ్గర వైఫై ఉండదు కదా అంటారు. పక్కన పడేసిన పాత ఫోన్‌లో ఒక సిమ్ వేసి హాట్‌స్పాట్ పెడితే చాలు, ఇది వాడే డేటా చాలా తక్కువ. ఈ కన్సోళ్లలో ఎక్కువవాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అర్థమవుతుంది, ఫోన్ 5లో ఉంటే కలవదు. కరెంటు పోయినా నడవడానికి కన్సోల్‌లో సెల్స్ వేసి ఉంచండి.

ఇక శత్రువులు. వేపాకులు, రెట్టలు గరాటా రంధ్రాన్ని మూసేస్తాయి. సాలీడు గిన్నెల మధ్య గూడు అల్లితే గిన్నె ఒరగదు. వేడి సెన్సర్ చుట్టూ ఉండే తెల్ల పలకల మధ్యలో కందిరీగలు కాపురం పెడతాయి. పదిహేను రోజులకోసారి ఒక పాత బ్రష్షుతో తుడవడమే మందు. పిట్టలు దాని మీద వాలకుండా నేను చేసింది ఒకటుంది. పురుగుల కోసం మనం చేనులో పక్షి స్థావరాలు పాతుతాం కదా, అలాంటిది ఒకటి స్టేషన్‌కు ఇరవై అడుగుల దూరంలో, దానికంటే ఎత్తుగా పెట్టాను. పిట్టకు ఎత్తు కావాలి. అటే పోతోంది. కోతులకు మాత్రం పైపు మొదట్లో ముళ్లకంప చుట్టడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

గొట్టం పీకొద్దని ఎందుకన్నానంటే, ఈ ఒరిగే గిన్నెలు జడివానలో వెనకబడతాయి. గిన్నె ఒరిగే క్షణంలో పడే నీళ్లు లెక్కకు రావు. కొత్తగా వచ్చిన కొన్నింటిలో గిన్నెలే ఉండవు, చినుకు తాకిడిని బట్టి అంచనా వేస్తాయి. వాటికి సన్న తుంపర తెలియకపోవచ్చు. గొట్టం మాత్రం పడినదాన్ని పట్టుకుంటుంది. రెంటికీ మధ్య తేడా నెల లెక్కలో పది శాతం దాటితే గరాటా చూడాలి, రసమట్టం చూడాలి. ఇంట్లోనే పరీక్ష కూడా చేయొచ్చు. గరాటా అడ్డకొలత 20 సెంటీమీటర్లయితే, 314 మిల్లీలీటర్ల నీళ్లు 10 మిల్లీమీటర్ల వానతో సమానం. ఒక సీసా మూతకు చిన్న రంధ్రం చేసి అరగంటకు పైగా చుక్కచుక్కగా దించండి. కన్సోల్ 10 దగ్గర చూపిస్తే మంచిది. తేడా ఉంటే సెట్టింగుల్లో సరిచేసే వీలుంటుంది.

ఇంకో చిన్న కిటుకు, దీని దగ్గరే ఎక్కువ గొడవలొస్తాయి. మన వాతావరణ శాఖ రోజు లెక్క పొద్దున 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు. మన కన్సోల్ రోజు అర్ధరాత్రి 12కు మారిపోతుంది. రాత్రి రెండింటికి పడ్డ వాన కన్సోల్‌లో ఈరోజుది, అది బానే ఉంది. కానీ నిన్న సాయంత్రం ఆరింటికి పడ్డది కన్సోల్‌లో నిన్నటిది, మండలం లెక్కలో ఈ రోజు పొద్దునతో ముగిసిన రోజుది. పోల్చేవాళ్లు ఇది తెలియక ‘ప్రభుత్వం లెక్క తప్పు’ అని కేకలేస్తారు. గొట్టాన్ని రోజూ 8.30కే చూసి ఖాళీ చేస్తే ఈ తంటా ఉండదు.

గాలి సంగతి చెప్తానన్నా కదా. మనకు గాలి అంటే కషాయం కొట్టే వేళ ఒక్కటే గుర్తొస్తుంది. అది నిజమే. దశపర్ణి కషాయం తయారీకే నెల పైన పడుతుంది, గాలి గంటకు పన్నెండు పదిహేను కిలోమీటర్లు దాటినప్పుడు కొడితే సగం పక్క చేనుకు పోతుంది. కానీ అంతకంటే ముఖ్యమైనది పక్క చేనులోది మనకు రావడం. మా పడమటి గట్టు అవతల అన్న మిరపకు మందులు కొడతాడు. మంచోడే, ఆయన పంట ఆయనది, తగువు పెట్టుకోను. కానీ జూన్ నుంచి ఆగస్టు దాకా మాకు గాలి పడమర, నైరుతి నుంచే. ఏ నెలలో ఎన్ని గంటలు ఆ గట్టు మీదుగా వీస్తోందో చూశాక, ఆ వైపు మూడు సాళ్ల జొన్న, సజ్జ కలిపి దట్టంగా వేశాను. తూర్పు గట్టుకు అంత అవసరం లేదని కూడా అదే చెప్పింది. అక్టోబరు ఆఖరు నుంచి గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, అప్పటి లెక్క వేరు. ఆయనతో కూడా ‘అన్నా, పొద్దున ఏడింటిలోపు గాలి ఉండదు, అప్పుడు కొట్టుకో, నీ మందూ వృథా కాదు’ అని చెప్పగలిగాను. తెర మీద అంకె చూపించి చెప్పాను కాబట్టి విన్నాడు. పీజీఎస్ గుంపులో ఉన్నవాళ్లు తోటి రైతులు పరిశీలనకు వచ్చినప్పుడు ఈ గాలి రికార్డు, కంచె పంట రెండూ చూపించుకోవచ్చు.

తేమ సంగతి వేరుశనగ వాళ్లకు, మామిడి వాళ్లకు. తిక్క ఆకుమచ్చ తెగులు గానీ, వరిలో అగ్గి తెగులు గానీ ఆకు గంటల తరబడి తడిగా ఉంటేనే రెచ్చిపోతాయి. వరసగా మూడు నాలుగు రాత్రులు తేమ 90 శాతం పైన ఉండి, పొద్దున ఎనిమిదిన్నర దాకా ఆకు ఆరకపోతే నేను మచ్చ కనపడేదాకా ఆగను, పుల్లటి మజ్జిగ సిద్ధం చేసుకుంటాను. మన కషాయాలన్నీ ముందు కొడితేనే పనిచేసేవి, తెగులు వచ్చి ముదిరాక కొట్టి ‘ప్రకృతి వ్యవసాయంలో మందు పనిచేయదు’ అంటే ఎలా? చవక సెన్సర్లు 90 పైన కాస్త తప్పు చూపిస్తాయి, కాబట్టి అంకెను పట్టుకుని వేలాడకండి. పొద్దున చేనులోకి వెళ్లి ఆకు మీద చెయ్యి వేసి చూడటం మానకండి.

నేల తేమ సెన్సర్ గురించి చాలామంది అడిగారు. అది చూపించే శాతం ఒక్కో నేలలో ఒక్కో అర్థం. ఎర్ర గరప నేలలో 25 అంటే పదునుగా ఉన్నట్టు, నల్లరేగడిలో అదే 25 అంటే పైరు వాడిపోతూ ఉండొచ్చు. రేగడి బీటలు ఇస్తే సెన్సర్‌కు మట్టి అంటుకోకుండా పోయి అంకె ఉన్నట్టుండి పడిపోతుంది. మనం వాఫస అంటాం కదా, గాలీ తేమా సమంగా ఉండే స్థితి. పిడికిట్లో మట్టి పట్టి, ముద్దయి, వేలితో తాకితే విడిపోయే రోజున సెన్సర్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. మీ చేనుకు అదే వాఫస అంకె. చెయ్యి గురువు, సెన్సర్ శిష్యుడు.

రాయడం దగ్గర నేను ఒకటి మార్చాను. నెలల వారీగా కాకుండా కార్తెల వారీగా కూడా మొత్తం కడుతున్నాను. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, ఒక్కోదానికి పదమూడు పద్నాలుగు రోజులు, ఒక్కోదానికి ఒక గీత. మా నాయన కూర్చుని ఆ పుస్తకం చూసి ‘మఖలో ఇంతేనా’ అంటాడు. నెల లెక్క చూపిస్తే అట్లా అనడు. ఐదారేళ్ల కార్తె లెక్కలు చేతికొస్తే, పెద్దోళ్ల మాటల్లో ఏవి ఇంకా నిలబడుతున్నాయో, ఏవి జరిగిపోయాయో మనమే చూసుకోవచ్చు.

ఒక్కరు కొలిస్తే ఒక చేను లెక్క. 2000ల దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎఫ్‌ఏఓ తోడ్పాటుతో రైతులే నడిపిన భూగర్భజల కార్యక్రమం ఒకటి జరిగింది. ఊళ్లో రైతులే రెయిన్ గేజ్ చూసేవాళ్లు, బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్లు, గోడ మీద రాసేవాళ్లు, రబీకి ముందు కూర్చుని ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయాలో లెక్కగట్టేవాళ్లు. ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ. వైఫై లేదు, యాప్ లేదు. కాబట్టి ‘మన రైతులకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి’ అనేవాళ్ల మాట నాకు ఎక్కదు. ఇదే నేల మీద ఒకసారి కుదిరింది.

ప్రస్తుతం మా దగ్గర ఐదుగురం ఉన్నాం. ఒకటే స్టేషన్, మిగతా నాలుగు గొట్టాలు. పొద్దున 8.30కి గ్రూపులో అంకె పెడతాం, సున్నా అయినా సున్నా అని పెడతాం. అందరివీ గుట్టకు ఇవతలి వైపు చేలే. గుట్ట అవతల వాన వేరుగా పడుతుందని మాకు అనుమానం, కానీ అటు ఎవరూ లేరు. ఆ వైపు చేను ఉండి, రోజూ పొద్దున చూసే ఓపిక ఉన్నవాళ్లు వీడియో కింద రాయండి. రోహిణి కార్తె లోపలే గొట్టం నేనే తెచ్చి పాతిస్తా.